రావుత్తరు పొట్టేలు చెవి

ఆ పొట్టేలు మాది కాదు. ఈ మాట ముందే చెప్తున్నా. మా వీధిలో ఇప్పటికీ కొందరు అది మాదేననీ, మేమే రావుత్తరుకి ధర్మంగా ఇచ్చినామనీ చెప్పుకుంటారు. నోటికొచ్చినట్టు చెప్పేవాళ్ళకి ఏం చెప్పేది! కొన్నది రావుత్తరు, మేపింది నేను, చెవి కోసింది మా అత్త.

అప్పటికి నేను కొత్త కోడల్ని కాను, పాత కోడల్నీ కాను. ఇంట్లో నా మాట చెల్లదు గానీ నా చేతులు లేకుంటే పొద్దు గడవదు, అట్లాంటి కాలం. మా ఊరు తిరుమంగళానికి పడమట, కరిసల్ నేలలో ఉంది. నల్లమన్ను. ఎండాకాలంలో కాలు పట్టేంత పగుళ్ళు, వాన పడితే కాలు పీక్కోలేనంత బంక. పత్తీ జొన్నా ఉలవలూ పండేవి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, గడప దాటితే అరవం. పాళెగాళ్ళ కోటల్ని కుంపిణీవాళ్ళు పడగొట్టి అప్పటికే చాలా కాలమైంది. ఆ మొండిగోడల మధ్య గడ్డి బాగా మొలిచేది. మా గొర్రెల్ని అక్కడికే తోలేవాళ్ళం.

రావుత్తరు ఇల్లు తిరుమంగళంలో, వాళ్ళ ముసల్మానుల వీధిలో ఉండేది. రావుత్తరంటే గుర్రపు మనిషి అని అర్థం. ఆయన తాతలు పాళెగాళ్ళకి గుర్రాలు తెచ్చి అమ్మినవాళ్ళు. ఆ గుర్రాలకి ఉలవలూ చొప్పా పోయింది మా మామగారి తండ్రి కాలం నుంచీ మా ఇంటినుంచే. అట్లా రాకపోకల్లో వరసలు కలిసినాయి. మా అత్త ఆయన్ని అన్నా అనేది. ఆయన ఆమెను తంగచ్చీ అనేవాడు, చెల్లెలా అని. నాకు మామ. నన్ను తాయీ అని పిలిచేవాడు, అంటే తల్లీ అని. ఆయన మాట్లాడేదంతా అరవమే, నేను మా మాటలో చెప్తున్నా.

పాళెగాళ్ళు పోయినాక గుర్రాలు ఎవరికి కావాలి? కుంపిణీవాళ్ళు వాళ్ళ గుర్రాలు వాళ్ళే తెచ్చుకున్నారు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆయన మా ఇంటికి మంచి గుర్రం మీద వచ్చేవాడు. తర్వాత మట్టగుర్రం మీద వచ్చినాడు. ఆ తర్వాత నడిచి. "మోకాలికి నడక మంచిదని వైద్యుడు చెప్పినాడు" అనేవాడు. చేతిలో కొరడా మాత్రం అట్లే ఉండేది. తలపాగా గంజిపెట్టి తెల్లగా నిగనిగలాడేది. "అన్నా, మోకాలు ఎట్లుంది?" అని మా అత్త అడిగేది. "దేవుడి దయ తంగచ్చీ, బాగుంది" అనేవాడు. ఆయనకి జరుగుబాటు లేదని మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకీ తెలిసే ఉంటుంది. అయినా ఆ మోకాలు అడ్డం పెట్టుకునే అందరం మాట్లాడుకునేవాళ్ళం.

ఆయన మంచి కాలంలో బక్రీదు వచ్చిందంటే ఆ ఇంటి ముందు పొట్టేళ్ళు వరసగా కట్టి ఉండేవట. పండగ రోజు మాంసం కోసం ఆ గడప ముందు జనం తోసుకునేవాళ్ళట. మా అత్త కళ్ళారా చూసింది, నేను చూళ్ళేదు. ఈ పొట్టేలు రాకముందు వచ్చిన బక్రీదుకి ఆయన ఊళ్ళోనే లేడు. పండగ ముందు పనుందని కోయంబత్తూరు పక్కకి పోయి, అంతా అయిపోయినాక వచ్చినాడు. పండగ పూట ఇంట్లో కుర్బానీ, అంటే దేవుడికిచ్చే బలి, లేకుండా వీధిలోవాళ్ళ కళ్ళబడలేక ఊరు వదిలి పోయినాడని అందరూ గుసగుసలాడుకున్నారు. గుసగుసలాడుకోవడం తప్ప ఆ వీధివాళ్ళు ఆయన్ని ఒక్క మాట అన్నది లేదు. ఆ మర్యాదే ఆయన్ని ఇంకా కోసిందేమో.

ఆ ఏడు సంత నుంచి ఒక పొట్టేలు పిల్లని చంకలో పెట్టుకుని మా కొట్టానికి వచ్చినాడు. "వచ్చే బక్రీదుకి ఇదే నా కుర్బానీ. మా వీధిలో మేత లేదు, ఇక్కడ ఉంచుకుంటారా?" అన్నాడు. మా అత్త "ఇదేం అడిగేదన్నా, మందలో ఒకటి" అంది. అనేది ఆమె, చూసేది నేను.

నిజం చెప్పాలంటే నాకు గొర్రెలంటే ముద్దేం లేదు. వాటికి బుద్ధి తక్కువ, వాసన ఎక్కువ. ఈ పొట్టేలు ఇంకో రకం. పత్తిగింజలు పెట్టేదాకా నా కొంగు నమిలేది. మంచి చీరకి చిల్లి పెట్టింది. తిట్టినా సిగ్గుండేది కాదు. నేను తిడుతున్నానంటే మేత వస్తోందని దానికి గుర్తు.

రావుత్తరు దాన్ని చూసేదానికి ప్రతి సంతరోజూ వచ్చేవాడు. పైపంచె కొంగులో కాసిన్ని ఉలవలు, కొన్నిసార్లు బెల్లం ముక్క తెచ్చేవాడు. దాని నోరు తెరిచి పళ్ళు చూసేవాడు, కొమ్ములు తడిమేవాడు, కళ్ళ ముందు వేలు ఆడించేవాడు, నాలుగడుగులు నడిపించేవాడు. చివరికి రెండు చెవులూ రెండు చేతుల్లో పట్టుకుని మెల్లగా రుద్దేవాడు. మేం ముద్దు చేస్తున్నాడనుకున్నాం. మా అత్త నవ్వి, "అన్నకి మనవలు లేని కొరత ఇది తీరుస్తోంది" అనేది.

ఒకరోజు ఆమె ఊరుకోక అడిగేసింది. "అన్నా, ఎండలో ఇంత దూరం నడిచొచ్చి దీని మొహం చూసి పోతావు. పండగ ముందురోజు సంతలో కొని కోస్తే కాదా?"

"ఎందుకు కాదు, చెల్లుతుంది" అన్నాడాయన. కొట్టం గోడకి ఆనుకుని గొంతుకూర్చుని చెప్పినాడు. "మా ఇబ్రాహీము నబీకి ముసలితనంలో ఒక కొడుకు పుట్టినాడు. దేవుడు ఆ కొడుకునే ఇవ్వమన్నాడు. ఆయన తీసుకుపోయి పడుకోబెట్టినాడు, కత్తి కూడా పట్టినాడు. అప్పుడు కొడుకు బదులు పొట్టేలు వచ్చింది. అడిగింది కొడుకుని, తీసుకుంది పొట్టేలుని. కానీ కత్తి పట్టేటప్పుడు ఆ ముసలాయనకి పొట్టేలు వస్తుందని తెలియదు కదా! ఈ పండగంతా అదే తంగచ్చీ. చేత్తో పెంచింది ఇస్తే ఆ సంగతి కొంచెమైనా నాకు తెలుస్తుందని."

మా అత్త నోరు నొక్కుకుంది. "అయ్యో నా తల్లీ! ఆ పిల్లవాడి తల్లికి చెప్పే తీసుకుపోయినాడా?"

రావుత్తరు పక్కున నవ్వినాడు. "మా ఇంట్లో బీబీ కూడా ప్రతి ఏడూ ఇదే అడుగుతుంది."

"మరి ఆ మాంసం మీ దేవుడు తింటాడా?"

"మాంసం ఆయనకి చేరదు, రక్తమూ చేరదు. ఇచ్చేవాడి మనసు చేరుతుంది."

"మనసు చేరేటప్పుడు పొట్టేలెందుకు? దాని మానాన దాన్ని వదిలేయరాదా?"

ఆయన పొట్టేలు వైపు చూసి, "మనసు అబద్ధాలు చెప్తుంది తంగచ్చీ" అన్నాడు.  

మా పద్ధతి వేరు. మేమూ అమ్మవారికి పొట్టేళ్ళని ఇస్తాం. పసుపునీళ్ళు చల్లితే అది ఒళ్ళు దులపాలి. దులిపితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దులపకపోతే మళ్ళీ చల్లుతాం, దులిపేదాకా చల్లుతాం, తడిసి చలికి వణికినా సరే దులిపినట్టే లెక్క. ఒకే వేటుకి తల తెగాలి. ఇంకొకటి, అమ్మవారికి మొక్కిన జీవానికి చెవి చీలుస్తాం. మందలోది ఎవరిదో తెలియడానికీ చెవే చీలుస్తాం, ఒక్కో ఇంటికి ఒక్కో తీరు గాటు. మా కొట్టంలో చెవి చీలని జీవం రావుత్తరు పొట్టేలొక్కటే. దాని చెవులు చూస్తే బోసిగా ఉండేవి, పోగులు లేని ఆడపిల్ల చెవుల్లాగ.

వానాకాలం వచ్చింది. రావుత్తరు మళ్ళీ కోయంబత్తూరు పక్కకి పోయినాడు. ఎవరిదో ఎద్దుల బేరంలో మధ్య మనిషిగా ఉండేదానికని తర్వాత తెలిసింది. మాతో మాత్రం గుర్రాల సంత చూసొస్తానని చెప్పినాడు. ఆయన లేనప్పుడే పొట్టేలుకి జ్వరం తగిలింది. మేత ముట్టదు, నెమరు లేదు, ఒళ్ళు కాలిపోతోంది, చెవులు వేలాడేసి గోడకి తల ఆనించి నిలబడింది. నేను తిట్టినా తలెత్తలేదు.  మిరియాలు నూరి పోసినాను, వేపాకు పొగ వేసినాను. పరాయివాళ్ళ సొమ్ము, పైగా దేవుడికని పెట్టుకున్నది, మా చేతిలో చచ్చిపోతే ఆ మనిషికి మొహం ఎట్లా చూపించేది?

మా అత్త వచ్చి చూసింది. "చెడు రక్తం తలకెక్కింది, చెవి కోస్తే దిగుతుంది" అంది. మా పక్క గొర్రెకైనా ఎద్దుకైనా ఒళ్ళు కాలితే చెవి నరం కోసి రక్తం తీయడం తాతల నాటి వైద్యం. నేను కాళ్ళు పట్టుకున్నా, ఆమె కోసింది. నల్లటి రక్తం కారింది. తెల్లారేసరికి పొట్టేలు నీళ్ళు తాగింది, ఇంకొక పూటకి నా కొంగు పట్టుకుంది. మా అత్త వీధంతా తిరిగి చెప్పుకుంది. చెప్పుకోదా మరి, బతికించింది కదా.

కానీ వాన తడికి ఆ చెవి చీము పట్టింది, తర్వాత పురుగు పట్టింది. వేపనూనె పోసినాం, పసుపు అద్దినాం. కుళ్ళిన భాగం కోసేయకపోతే తలకెక్కుతుందని మా అత్త మళ్ళీ కత్తి తీసింది. చివరికి ఆ చెవి సగానికి పైగా పోయింది. గాయం మాత్రం చక్కగా మానింది. పొట్టేలు మునుపటికంటే బలిసింది. తెగిన చెవి చూస్తే మాకు లోపంగా తోచలేదు. తోచేదెట్లా, మా కొట్టంలో అన్నీ అట్లాంటివేనాయె.

బక్రీదు దగ్గర పడినాక రావుత్తరు వచ్చినాడు. కాళ్ళకి దుమ్ము, కొంగులో బెల్లం. మా అత్త ఎదురుపోయి, "అన్నా, నీ పొట్టేలు చచ్చి బతికింది, తెలుసా! ఈ చేత్తోనే బతికించినా" అని మొదలుపెట్టి జ్వరం, రక్తం, పురుగు అన్నీ ఏకరువు పెట్టింది. ఆయన నవ్వుతూ వింటున్నాడు. పొట్టేలు దగ్గర కూర్చుని పళ్ళు చూసినాడు, కొమ్ములు తడిమినాడు, చెవుల దగ్గరికి చేతులు పోయినాయి. కుడిచేతికి చెవి దొరికింది. ఎడమచేతికి మోడు దొరికింది.

ఆయన కొంగులోంచి బెల్లం ముక్క జారి పేడలో పడింది.

"ఏమైంది మామా?" అన్నా.

"ఏం లేదు తాయీ" అన్నాడు. తర్వాత చెప్పినాడు. కుర్బానీకి ఇచ్చేది లోపం లేనిది కావాలి. గుడ్డిది పనికిరాదు, కుంటిది పనికిరాదు, చిక్కి ఎముకలు తేలింది పనికిరాదు. చెవి కొంచెం తెగితే పరవాలేదు గానీ, ఇంత పోయింది చెల్లదు. మేం ముద్దనుకున్నదంతా, ఆయన ప్రతి సంతరోజూ నడిచొచ్చి ఏ లోపమూ రాలేదని చూసుకున్న చూపు. ఆయన మాకు చెప్పలేదు, మేం అడగలేదు. వాళ్ళ వీధిలో ముక్కుపచ్చలారని పిల్లకైనా తెలిసే సంగతి, ఇంక చెప్పేదేముందనుకున్నాడు.

మా అత్తకి తల కొట్టేసినట్టయింది. తప్పు చేసినానని తెలిస్తే ఆమెకి ముందు కోపం వస్తుంది. "మీ దేవుడికి చెవితో ఏం పని? చచ్చిపోనిచ్చి ఉంటే బాగుండేదా?" అని ఒంటికాలి మీద లేచింది. ఆ వెంటనే ఆమె కళ్ళు నిండినాయి. "మా మందలో నీకు నచ్చింది తోలుకుపో అన్నా. చెవి గాటు లేనిది ఊళ్ళో ఎక్కడున్నా తెచ్చిస్తా. చెడగొట్టింది నేను, ఇచ్చుకుంటా."

"బతికించినదానికి నేను జరిమానా తీసుకునేదా తంగచ్చీ?" అన్నాడాయన. "వద్దు. నేనే ఇంకోటి..." అని ఆగిపోయినాడు. కొంటానని అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చి రాలేదు. మేం ఇద్దరం నేల చూసినాం. చివరికి, "మా ఇమాముని అడుగుతా" అని లేచి, కొరడా మా కొట్టంలోనే మరిచిపోయి వెళ్ళిపోయినాడు.

పండగ ముందురోజు కబురు వచ్చింది, పొట్టేలుని తోలుకురమ్మని. తోలుకుపోవాల్సింది నేనొక్కదాన్నే. మా అత్త ఊరుకుంటుందా! "చెవి పుట్టుకతో లేదనుకుంటారు, దొంగసొమ్మనుకుంటారు, నేనొచ్చి చెప్పాల్సిందే" అని బయల్దేరింది. దారి పొడుగునా వాళ్ళ ఇమాముని ఏమేం అడగాలో నాకు అప్పజెప్పింది.

రావుత్తరు ఇంటి తిన్నె మీద ఇమాము కూర్చుని ఉన్నాడు. మెత్తటి మాట, బక్కపలచటి మనిషి. వీధిలోని పెద్దలు కొందరు చుట్టూ ఉన్నారు. గడపకి కట్టిన తెర వెనక బీబీ ఉందని గాజుల చప్పుడు చెప్తోంది. మేం ఆడవాళ్ళం పక్కగోడ నీడలో నిలబడినాం. ఇమాము కిందికి దిగి వచ్చి చెవి చూసినాడు, వేలితో కొలిచినాడు. "కొన్నప్పుడు ఇది నిండుగా ఉండెనా?" అని అడిగినాడు.

"నిండుగా ఉండె సామీ, వానాకాలంలో నేనే కోసినా, దాని ప్రాణం కోసం కోసినా" అంది మా అత్త గోడ పక్కనుంచి గట్టిగా. ఆయన ఆమె వైపు తిరిగి తల వంచి, "మంచి పని చేసినావమ్మా" అన్నాడు. దారిలో సిద్ధం చేసుకున్న ప్రశ్నలన్నీ మా అత్త గొంతులోనే ఉండిపోయినాయి.

ఇమాము మళ్ళీ తిన్నె మీద కూర్చున్నాడు. రావుత్తరుతో, "లోపలికి పోయి మాట్లాడుకుందామా?" అన్నాడు మెల్లగా.

"ఎందుకు హజరత్? ఇక్కడే చెప్పండి."

"కాదు, లోపలైతే..."

"రేపు దీన్ని కోసేది ఈ గుమ్మం ముందరే. చెవి అందరూ చూస్తారు. మాట కూడా అందరూ విననీయండి" అన్నాడు రావుత్తరు.

ఇమాము గడ్డం నిమురుకున్నాడు. ఆయనకి చెప్పడం ఇష్టం లేదని నాకే తెలుస్తోంది. "ఇది రెండు రకాలుగా పోతుంది" అన్నాడు. "కొన్నాక లోపం వస్తే, కొన్నవాడు కలిగినవాడైతే ఇది చెల్లదు, నిండుగా ఉన్నది ఇంకొకటి తేవాల్సిందే. లేనివాడైతే, అతని మీద అసలు కుర్బానీ బాధ్యతే లేదు. బాధ్యత లేకపోయినా దేవుడికని మనసులో అనుకుని కొన్నాడు గనక ఈ జీవమే అతని కుర్బానీ. ఎట్లా ఉన్నా చెల్లుతుంది. ఇంకొకటి తెమ్మని దేవుడు లేనివాణ్ణి అడగడు." అంతటితో ఆపేసినాడు. నువ్వు ఏ రకం అని అడగలేదు. అడగాల్సిన పనీ లేదు.

తిన్నె మీది పెద్దల్లో ఒకాయన పాపం, మంచికే, గొంతు సవరించుకుని, "రావుత్తరుకేం తక్కువ? పొద్దుగుంకేలోపల ఇంకొకటి తెప్పిస్తాడు. మా కొట్టంలోనే మంచిది ఉంది, వెల తర్వాత చూసుకుందాం" అన్నాడు. మిగిలినవాళ్ళు ఔనౌనని తలలూపినారు. ఎంత బాగా తప్పించినారో! ఊఁ అంటే చాలు, రావుత్తరు రేపు నిండు చెవుల పొట్టేలుని కోస్తాడు, తలపాగా తలమీదే ఉంటుంది, మోకాలి నొప్పి ఇంకో ఏడు నడుస్తుంది. మా అత్త నోరు తెరవబోతే ఆమె మోచేయి గట్టిగా గిల్లినా. ఒప్పుకో మామా, ఊఁ అను అని నేను లోపల లోపల అనుకున్నా. ఒక మనిషి నలుగురిలో చిన్నబోవడం నేను చూడలేను. చూడాల్సి వస్తే ఆ మనిషి మీదే కోపం వస్తుంది నాకు.

రావుత్తరు పొట్టేలు వైపు చూసినాడు. అది నా కొంగు నములుతోంది. తర్వాత, మంచి మాట చెప్పిన ఆ మనిషి వైపు చూసి, "నీ మనసు మంచిది అప్పా" అన్నాడు. ఇమాము వైపు తిరిగి, వీధి చివరిదాకా వినబడేంత గొంతుతో చెప్పినాడు.

"నాకు ఏమీ లేదు హజరత్. ఈ ఇల్లు తప్ప ఏమీ లేదు. ఉన్నదంతా పోయి చాలా కాలమైంది. ఈ వీధంతటికీ తెలుసు, చెప్పనిది నేనొక్కణ్ణే. నేను లేనివాణ్ణి. ఈ పొట్టేలు చెల్లుతుందా?"

"చెల్లుతుంది" అన్నాడు ఇమాము. 

తెర వెనక గాజులు ఒకసారి గలగలమని ఆగిపోయినాయి. నాకు ఏడుపు వచ్చింది. పొట్టేలు కోసం కాదు. 

మరునాడు మేం మళ్ళీ పోయినాం. పొట్టేలు నేనుంటే బెదరదని రావుత్తరే రమ్మన్నాడు. వాళ్ళు ఊరి బయట నమాజు చేసి వచ్చినాక పని మొదలైంది. కత్తి ముందురోజే చాటున నూరి పెట్టినాడు. జీవం ఎదుట నూరకూడదట, దానికి చూపించనే కూడదట. ఇంకో జీవం చూస్తుండగా కోయకూడదట. నీళ్ళు పెట్టమన్నాడు, పెట్టినా. ఎడమ పక్కకి పడుకోబెట్టి మొహం పడమటికి తిప్పినారు. రావుత్తరు వీపు వెనక దాచిన కత్తి తీసి, దేవుడి పేరు పైకి చెప్పి, ఒకే ఊపున లాగినాడు. అది తన్నుకోవడం ఆగి, ఒళ్ళు చల్లబడేదాకా ఎవరినీ చర్మం మీద చేయి వేయనివ్వలేదు. మా అమ్మవారి దగ్గర డప్పులుంటాయి, కేకలుంటాయి, పూనకాలుంటాయి. ఇక్కడ అంతా మెల్లగా, మాటల్లేకుండా జరిగింది. ఏది మంచి పద్ధతని నన్నడక్కండి. రెండు చోట్లా పొట్టేలు చచ్చిపోతుంది.

మాంసం మూడు పాళ్ళు చేసినారు. ఒకటి ఇంటికి, ఒకటి అయినవాళ్ళకి, ఒకటి లేనివాళ్ళకి. అయినవాళ్ళ పాలులోంచి మాకూ ఒక ఆకుపొట్లం కట్టినాడు. మేం వండుకునే తింటామని పచ్చిమాంసమే ఇచ్చినాడు. చర్మం ఒలిచి ముక్కలు కొట్టినాయనకి కూలి విడిగా ఇచ్చినాడు. ఆయన చర్మం అడిగితే, దీనిలోంచి ఏదీ కూలి కింద పోకూడదన్నాడు. లేనివాళ్ళ పాలు ఆయనే తన చేత్తో, గుమ్మం ముందు నిలబడినవాళ్ళకి పంచినాడు. చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి. తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. నెత్తి మీద వెంట్రుకలు అంత పలచబడినాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇదే పని జరుగుతోంది. ప్రతి ఇంట్లోనూ లేనివాళ్ళ పాలు ఒకటి ఉంటుంది. మేం బయల్దేరబోతుంటే, ముందురోజు తన కొట్టంలోని పొట్టేలుని ఇస్తానన్న మనిషి తామరాకులో మాంసం పట్టుకుని వచ్చినాడు. గుమ్మం ముందుకి వచ్చి ఆగిపోయినాడు. ఇది అయినవాళ్ళ పాలా, ఇంకో పాలా అని ఆయనకే తేలలేదని మొహం చెప్తోంది. ఆ గుమ్మంలో పొట్లం ఇచ్చి ఎరిగినవాడు ఆ వీధిలో ఒక్కడూ లేడు. తీసుకుపోయినవాళ్ళే అందరూ. ఆయన తలెత్తలేడు, వెనక్కి పోలేడు, నేల చూస్తూ నిలబడినాడు. బీబీ చేయి తెర పక్కకి వచ్చి, అందుకోవాలా వద్దా అని అక్కడే ఆగిపోయింది.

రావుత్తరు చేతులు కడుక్కుంటున్నాడు. తలెత్తి చూసినాడు. చెంబు కింద పెట్టి, తడిచేతులు పంచెకి తుడుచుకుని, మెట్లు దిగి వీధిలోకి వచ్చి రెండు చేతులూ చాచినాడు.

"ఇటివ్వప్పా, అది నాకే" అన్నాడు.